లారీ ముందు టైర్లు ఒక పక్కే తినేస్తున్నాయి, పైగా గూ అని మోత: కొత్త టైర్లు వేసే ముందు వెనక యాక్సిల్ కొలవండి

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కుడి ముందు టైరు లోపలి అంచు తింటోంది, ఎడమ ముందు టైరు బయటి అంచు తింటోంది, స్టీరింగ్ కాస్త పక్కకి పట్టుకుంటేనే బండి తిన్నగా పోతోంది, 50 దాటితే గూ అని ఒకటే మోత, ముందు చక్రాలకి అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉండేలా సర్దడం) చేయించినా ఏం తేడా లేదు, ఇప్పుడేమో బేరింగులు మార్చి టైర్లు కూడా కొత్తవి వేసేయమంటున్నారు, వేయించాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు అన్నా. అచ్చం ఇదే నా ఆరు చక్రాల బండికి జరిగింది, నేను ముందు బేరింగులు మార్పించా, మోత పోలేదు, తర్వాత రెండు కొత్త టైర్లు వేయించా, వేసిన కొత్తలో బండి ఎంత నిశ్శబ్దంగా పోయిందంటే సమస్య తీరిపోయిందనే అనుకున్నా, కానీ కొన్ని నెలలకే చెయ్యి పెట్టి చూస్తే మళ్లీ అదే అంచు, అవే గుంటలు. టైర్లు మారాయి గానీ వాటిని తినేస్తున్నది అలాగే ఉండిపోయింది.

ముందు ఆ మోత ఎక్కడిదో తేల్చుకోండి. టైరు మోత, బేరింగ్ మోత రెండూ స్పీడుతో పెరుగుతాయి కాబట్టి క్యాబిన్‌లో కూర్చుని వింటే ఒకేలా అనిపిస్తాయి, నా మెకానిక్ కూడా అక్కడే పొరబడ్డాడు. తేడా ఏంటంటే రోడ్డు మారితే టైరు మోత మారుతుంది, సిమెంటు రోడ్డు మీద ఒకలా, కొత్తగా వేసిన తారు మీద ఒకలా వస్తుంది. బేరింగ్‌కి రోడ్డుతో పెద్దగా పని లేదు, దానికి బరువుతో పని, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా అటూ ఇటూ స్టీరింగ్ తిప్పినప్పుడు బరువు ఒక వైపు పడగానే మోత పెరిగి రెండో వైపుకి పడగానే తగ్గితే బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా వస్తే అది క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్ లోపలి గేర్లు) వైపు చూడాల్సిన విషయం. వీటన్నిటికంటే నమ్మకంగా తేలింది మాత్రం నాకు ఒకే పద్ధతిలో, అనుమానం ఉన్న ముందు టైరు తీసి వెనక్కి వేసి, వెనకది ముందుకి వేసి కొంత దూరం నడిపా. మోత కూడా టైరుతో పాటే వెనక్కి వెళ్లిపోయింది. బేరింగ్ అయితే ముందే ఉండిపోవాలి కదా, ఆ ఒక్క పని మొదట్లోనే చేసి ఉంటే బేరింగుల ఖర్చు మిగిలేది.

ఆ గూ అనే శబ్దం టైరులో ఎలా పుడుతుందో తెలిస్తే మీకే అర్థమవుతుంది. పెద్ద లారీ టైరు చుట్టుకొలత సుమారు 3.2 మీటర్లు అనుకోండి, 60 స్పీడులో అది సెకనుకి దాదాపు 5 సార్లు తిరుగుతుంది. టైరు ఒక్క చోట ఉబ్బినా, బ్యాలెన్స్ పోయినా సెకనుకి 5 దెబ్బలే, అది చెవికి వినపడే కంటే చేతికి, సీటుకి ఎక్కువ తెలుస్తుంది, స్టీరింగ్ దడదడ లాడుతుంది. కానీ టైరు చుట్టూ ఒక 14 గుంటలు పడ్డాయంటే సెకనుకి 70 దెబ్బలు, అప్పుడది దెబ్బలా కాదు ఒకటే మోతలా వినపడుతుంది. అందుకే చుట్టూ అలలు అలలుగా అరిగిన టైరు బేరింగ్ పోయినట్టే అరుస్తుంది.

బండి ఆపి, టైరు చల్లారాక అరచేతితో తడమండి, కంటికి కనపడనిది చేతికి తెలుస్తుంది, కాకపోతే తీగలు తేలిన టైరైతే చెయ్యి కోసుకుంటుంది, అలాంటప్పుడు గుడ్డ చుట్టుకోండి. అడ్డంగా బయట నుంచి లోపలికి తడిమితే నున్నగా ఉండి, లోపల నుంచి బయటికి వస్తుంటే రంపం పళ్లలా గుచ్చుకుంటే చక్రాలు ముందు వైపు మరీ దగ్గరికి పడి ఉన్నాయి, అంటే టో ఇన్ ఎక్కువ. దీనికి ఉల్టాగా ఉంటే టో అవుట్. ఇక నిలువుగా, అంటే టైరు తిరిగే దిక్కున తడిమితే ఎత్తు పల్లాలుగా ఉంటే షాక్ అబ్జార్బర్లు పని చేయట్లేదు, లేదా ఏదో ఒక జాయింట్ లూజుగా ఉంది, చక్రం రోడ్డు మీద ఆనకుండా ఎగిరెగిరి పడుతోంది అన్నమాట. షాక్ మీద ఆయిల్ కారిన మరక ఉంటే ఇంకో పరీక్ష అక్కర్లేదు. రెండు అంచులూ అరిగి మధ్యలో బాగుంటే గాలి తక్కువ, మధ్యలోనే అరిగితే ఎక్కువ, ఇది అందరికీ తెలిసిందే.

తర్వాత ముందు యాక్సిల్‌కి (రెండు ముందు చక్రాల మధ్య ఇరుసుకి) జాకీ వేసి, వెనక చక్రాలకి అడ్డాలు పెట్టి, కింద స్టాండు తప్పకుండా పెట్టి (జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరొద్దు అన్నా, దయచేసి) చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపండి. ఆట, అంటే లూజు, ఉంటే ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది బేరింగ్‌ది, తొక్కినా ఇంకా ఊగుతుంటే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం దేని మీద తిరుగుతుందో ఆ పిన్ను) బుష్‌లది. పక్కల పట్టుకుని ఊపినప్పుడే ఆట ఉంటే టై రాడ్ (రెండు ముందు చక్రాల్ని కలిపే స్టీరింగ్ కడ్డీ) ఎండ్లు చూడండి. వీటిలో లూజు పెట్టుకుని అలైన్‌మెంట్ చేయిస్తే మిషన్ మీద సరిగ్గానే చూపిస్తుంది, రోడ్డెక్కి బరువు పడగానే మళ్లీ జరిగిపోతుంది, కాబట్టి అలైన్‌మెంట్ అనేది అన్నిటికంటే చివర చేసే పని.

ఇప్పుడు అసలు సంగతి. రెండు ముందు టైర్లూ లోపలి అంచే తింటే టో అవుట్, రెండూ బయటి అంచే తింటే టో ఇన్, అది ముందు చక్రాల గొడవ. కానీ మీకు ఒకటి లోపల తింటోంది, ఇంకోటి బయట తింటోంది, దానికి తోడు స్టీరింగ్ కూడా పక్కకి ఉంది. ఇది చదవగానే నాకు ముందు యాక్సిల్ కంటే వెనక యాక్సిల్ మీదే అనుమానం వచ్చింది. బండిని తోసేది వెనక చక్రాలు కదా, ఆ యాక్సిల్ ఛాసిస్‌కి (బండి చట్రానికి) అడ్డంగా సరిగ్గా లేకుండా ఒక వైపు కాస్త వెనక్కి జరిగి ఉంటే అది బండిని ఎప్పుడూ ఒక మూలకి తోస్తూనే ఉంటుంది, డ్రైవరు తెలియకుండానే స్టీరింగ్ రెండో వైపుకి పట్టి తిన్నగా నడిపిస్తుంటాడు, ఆ లాగులాటలో ముందు టైర్లు ఒరుసుకుంటూ పోతాయి. తప్పు వెనక ఉంటుంది, టైరు అరిగేది ముందు. ముందు చక్రాలకి మాత్రమే అలైన్‌మెంట్ చేస్తే ఇది ఎన్నిసార్లు చేసినా దొరకదు.

దీన్ని మీరే కొలవచ్చు. సమంగా ఉన్న నేల మీద బండి ఆపి, ముందు చక్రాలు తిన్నగా పెట్టి, ముందు హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి వెనక హబ్ మధ్య వరకు టేపుతో కుడి పక్క ఒకసారి, ఎడమ పక్క ఒకసారి కొలవండి, టేపు వేలాడకుండా ఇద్దరు పట్టుకోవాలి. రెండు లెక్కలూ దాదాపు ఒకటే రావాలి. నా బండికి 14 మిల్లీమీటర్లు తేడా వచ్చింది, నమ్మకం కుదరక మూడుసార్లు కొలిచా. కిందకి వెళ్లి చూస్తే ఎడమ వెనక కమాన్ కట్టకి (బరువు మోసే స్ప్రింగ్ ఆకుల కట్టకి) మధ్యలో గుచ్చి ఉండే సెంటర్ బోల్టు తెగి ఉంది, యాక్సిల్ కమాన్ మీద జరిగిపోయిన చోట లోహం ఒరుసుకుని మెరుస్తోంది. అంతకు ముందు కమాన్ కట్ట పని చేయించా, కమాన్‌ని యాక్సిల్‌కి కట్టి ఉంచే యూ బోల్టులు బిగించి ఇచ్చారు గానీ లోడుతో కొంత దూరం తిరిగాక మళ్లీ బిగించాలని నాకెవరూ చెప్పలేదు, నేను అడగలేదు. కమాన్ ఆకులు లోడు కింద సర్దుకున్నాక యూ బోల్టులు లూజవుతాయి, అప్పుడు యాక్సిల్‌ని పట్టి ఉంచే భారమంతా పాపం ఆ సెంటర్ బోల్టు మీద పడుతుంది, అది తెగిందంటే ఇంక యాక్సిల్‌ని ఆపేది ఏదీ లేదు. ఇది టైరు ఖర్చు ఒక్కటే కాదు అన్నా, లోడుతో దిగుతున్నప్పుడు యాక్సిల్ ఇంకా జరిగితే ప్రాణం మీదకి వస్తుంది, అందుకే ఇంతగా చెబుతున్నా, తేడా ఎక్కువ వస్తే ఆ బండితో ఇంకో ట్రిప్పు వేయకండి.

వెనక జోడు టైర్లు కూడా ఒకసారి చూసుకోండి. ఒకటి కొత్తది ఒకటి అరిగింది జోడీగా వేస్తే రెండూ ఒకే హబ్‌కి ఉన్నాయి కాబట్టి ఒకేలా తిరగక తప్పదు, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతుంది. టైరు వ్యాసంలో, అంటే అడ్డకొలతలో, 6 మిల్లీమీటర్ల తేడా అంటే చాలా చిన్నదిగా ఉంటుంది గానీ ఒక్కో చుట్టుకి 19 మిల్లీమీటర్లు, అంటే కిలోమీటరుకి దాదాపు 6 మీటర్లు ఈడుస్తున్నట్టు. లోపలి టైరులో గాలి తగ్గినా ఇదే కథ, బయటి టైరు మోస్తుంటుంది కాబట్టి చూస్తే తెలియదు. సుత్తితో కొట్టి శబ్దం వింటే పూర్తిగా దిగిపోయింది దొరుకుతుందేమో గానీ 20 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గింది దొరకదు, గేజు పెట్టాల్సిందే, అదీ పొద్దున్నే బండి కదలకముందు. వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, 110 పీఎస్ఐ టైరులో 10 డిగ్రీల వేడికి 4 దాకా పెరుగుతుంది, అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

ఇంకో మాట. కారణం సరిచేశాక కూడా మోత వెంటనే పోదు, గుంటలు పడ్డ రబ్బరు అలాగే ఉంటుంది కదా. నాకైతే సెంటర్ బోల్టు, యూ బోల్టులు, ముందు షాకులు మార్చి, ఆ తర్వాత రెండు యాక్సిల్స్‌కీ అలైన్‌మెంట్ చేయించినా బండి మొదటి రోజు అంతే అరిచింది, పని వృథా అయిందేమో అని భయపడ్డా. తీగలు తేలకుండా మందం మిగిలి ఉంటే ఆ ముందు టైర్లని వెనక్కి వేసేయండి, ఎత్తు సరిపోయే జోడీ చూసి. బాణం గుర్తు లేని టైరైతే తిరిగే దిక్కు మారేలా వేస్తే రంపం పళ్లు మెల్లగా చదునవుతాయి. నావి అలాగే వెనక తిరిగి చాలావరకు మోత తగ్గాయి. చక్రం విప్పిన ప్రతిసారీ ఒక 80, 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించడం మర్చిపోకండి.

ముందు టేపుతో కొలవండి అన్నా. రెండు పక్కల లెక్కలూ, షాకుల మీద ఆయిల్ మరక ఉందో లేదో రాయండి, చూసి చెప్తా.