టెక్ సందేహాలు: స్లాబు ఆరాక సెంట్రింగు విప్పరా?

లినక్స్ కెర్నల్‌ను, అంటే ఆ సిస్టమ్ గుండెకాయను, సొంతంగా కంపైల్ చేసుకున్నవారి ఉత్తరాలు కొంతకాలంగా ఆగకుండా వస్తున్నాయి. ఊళ్లు వేరు, ల్యాప్‌టాప్‌లు వేరు, గోడు మాత్రం ఒకటే: తప్పులు వెతకడానికి పెట్టిన డీబగ్ ఆప్షన్లు తెచ్చిన తంటాలు. అందుకే మూడింటిని కలిపి ఈసారి ఇక్కడే జవాబిస్తున్నాను. ఆప్షన్ల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను. కంపైల్‌కు ముందు ఎంచుకునేవి మెనూకాన్ఫిగ్ అనే ఎంపికల తెరపై స్లాష్ మీట నొక్కి ఇంగ్లిష్‌లో వెతికితే దొరుకుతాయి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. నేర్చుకుందామని కెర్నల్‌లో డీబగ్గింగ్ విభాగాల్లో ఉన్నవన్నీ ఆన్ చేసి కంపైల్ చేశాను. ఇప్పుడు 'ఫ్రీ' కమాండ్ మొత్తం 7 జీబీ కూడా చూపడం లేదు. పైగా యంత్రం నత్తనడక. ర్యామ్ పాడైందా?

పాడవలేదు, కొత్తది కొనకండి. మీ 1 జీబీ కేసాన్ పద్దులో ఉంది. కెర్నల్ తనది కాని మెమరీని తాకినా, వదిలేసిన మెమరీని మళ్లీ వాడినా పట్టుకునే కాపలాదారు అది. 2015లో 4.0 వెర్షన్‌తో వచ్చింది. మీరు ఎంచుకున్న సాధారణ రకం ప్రతి 8 బైట్లకు 1 బైటు చొప్పున నీడ లెక్క రాసుకుంటుంది. అంటే ర్యామ్‌లో ఎనిమిదో వంతు బూట్ అవుతుండగానే పక్కకు పోతుంది. 'ఫ్రీ' చూపే మొత్తంలోకి అది రానే రాదు. అక్కడితో అయిపోలేదు. విడుదలైన మెమరీని వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా, ఎవరైనా పాత చిరునామా పట్టుకుని వస్తారేమోనని కొంతసేపు క్వారంటైన్‌లో ఉంచుతుంది. దానికి ర్యామ్‌లో ముప్ఫై రెండో వంతు దాకా పోతుంది. ఇక వేగం మూడో వంతుకు పడిపోవచ్చని ఆ ఆప్షన్ సహాయ పాఠంలోనే రాసి ఉంది. ప్రశ్న గుర్తు మీట నొక్కితే వచ్చేది ఆ పాఠమే. దాన్ని చదివినవారెవరూ నాకు ఉత్తరం రాయరు.

నాకు చిరాకు తెప్పించింది 'ఉన్నవన్నీ' అన్న మాట. జ్వరమో కాదో చూసుకోకుండా మందుల షాపులోని మాత్రలన్నీ మింగుతామా? కేసాన్ చూసేది తప్పుడు తాకిడిని. కేమెమ్‌లీక్ చూసేది తీసుకుని తిరిగి ఇవ్వడం మరచిన మెమరీని, అదీ కొన్నిసార్లు లేని లీకును ఉందంటుంది. పేజ్ ఓనర్ ఏ పేజీ ఎవరి దగ్గర ఉందో చెబుతుంది. ప్రూవ్_లాకింగ్‌కు మెమరీతో పనే లేదు, ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా కెర్నల్ వేసుకునే తాళాల వరస చూస్తుంది. నాలుగూ ఒకేసారి నడిపితే యంత్రం నెమ్మదించడం దాని తప్పు కాదు.

నేర్చుకోవడానికైతే క్యూఈఎమ్‌యూలో ఒక వర్చువల్ మెషీన్ పెట్టుకుని కేసాన్‌ను అందులో నడపండి. అది మొదటి తప్పును మాత్రమే నివేదించి ఊరుకుంటుంది. అన్నీ కావాలంటే బూట్ లైన్‌లో, అంటే బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు అందే మాటల వరసలో, 'కేసాన్_మల్టీ_షాట్' చేర్చండి. రోజూ వాడే ల్యాప్‌టాప్‌కు కేఫెన్స్ చాలు. 2021లో 5.12తో వచ్చిన ఈ ఆప్షన్ అన్నింటినీ కాపలా కాయదు. సుమారు 100 మిల్లీసెకన్లకు ఒక కేటాయింపును ఎంచుకుని, దాని పక్కన కంచె పేజీ నాటుతుంది. మామూలు అమరికలో 255 కేటాయింపులకు అది తినేది 2 ఎంబీ. ఈ రోజు దొరకని తప్పు పది రోజుల వాడకంలో ఎప్పుడో ఒకసారి ఆ కంచెకు తగలవచ్చు.

ప్రశ్న: కంపైల్ చివరిదాకా వచ్చి 'కిల్డ్' అని ఆగిపోతోంది. ఒకసారి పూర్తయింది కానీ బూట్ పార్టిషన్ నిండిపోయింది.

రెండింటికీ మూలం డీబగ్_ఇన్ఫో, కెర్నల్‌కు డీబగ్ సమాచారం జోడించే ఆప్షన్. చివర్లో ఆగడానికి ఎక్కువగా బీటీఎఫ్ (కెర్నల్‌లోని డేటా రకాల వివరాల పట్టిక) కారణం. అక్కడ పహోల్ అనే సాధనం కెర్నల్ మొత్తాన్ని మెమరీలోకి తీసుకుంటుంది, ర్యామ్ చాలకపోతే సిస్టమ్ దాని గొంతు నులుముతుంది. క్రాష్ డంపులు విప్పే పని మీకు లేకపోతే డీబగ్_ఇన్ఫో_నన్ ఎంచుకోండి. బీటీఎఫ్ తీసేస్తే నడుస్తున్న కెర్నల్‌లోకి తొంగిచూసే కొన్ని ఈబీపీఎఫ్ సాధనాలు పనిచేయవని గుర్తుంచుకోండి. పార్టిషన్ నిండడానికి కారణం డీబగ్ గుర్తులతో ఉబ్బిన మాడ్యూళ్లు, అంటే డ్రైవర్ల లాంటి విడి భాగాలు. వాటిని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1' అని చేరిస్తే సన్నబడతాయి. కంపైల్‌కు ముందు లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ నడిపితే మీ యంత్రంలో లేని వందలాది పరికరాల డ్రైవర్లు జాబితాలోంచి పోతాయి. కాకపోతే ప్రింటరు, పెన్ డ్రైవ్ లాంటివి ముందే తగిలించి ఉంచండి. ఆ క్షణంలో లోడ్ అయి ఉన్నవే అది మిగులుస్తుంది.

ప్రశ్న: బూట్ లైన్‌లో 'స్లబ్_డీబగ్' పెట్టినప్పటి నుంచి లాగ్‌లో 'నోటీస్' అని నక్షత్రాల పెట్టె కనబడుతోంది. మీరు డీబగ్ చేయడం లేదంటే వెంటనే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కు చెప్పండి అంటోంది. ఇంట్లో అడ్మినిస్ట్రేటర్ నేనే. పట్టించుకోవాలా?

తప్పకుండా. నన్ను అన్నింటికంటే భయపెట్టిన ఉత్తరం ఇదే.

కెర్నల్ లాగ్‌లో చిరునామాలను ఉన్నదున్నట్టు అచ్చు వేయకుండా ముసుగు వేయడం 2018లో 4.15తో మొదలైంది. స్లబ్ డీబగ్‌తో, అంటే కెర్నల్ తన చిన్న మెమరీ ముక్కలను పంచే చోట తప్పులు వెతికేవారికి, అసలు చిరునామాలు కావాలి. కాబట్టి 5.14 నుంచి ఆ ఆప్షన్ పెడితే ముసుగు దానంతట అదే తొలగుతుంది. ఆ పెట్టె చెబుతున్నది అదే. మీ యంత్రంలో దాడి చేసేవాడికి ముందుగా కావలసింది కెర్నల్ మెమరీలో ఏది ఎక్కడుందన్న పటం. దాన్ని మీరే లాగ్‌లో పరిచి పెట్టారు. మీ సిస్టమ్‌లో మామూలు వినియోగదారుకూ డీమెసేజ్ కమాండ్‌తో ఆ లాగ్ చదివే వీలుంటే ఆ పటం అందరిదీ.

మీరు పంపిన బూట్ లైన్‌లోనే 'నోకేఏఎస్ఎల్ఆర్' కూడా ఉంది. జీడీబీ అనే డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్లు (ప్రోగ్రామ్‌ను ఆపే చోట్లు) సరిగా పడాలని ఏదో పాఠం చూసి పెట్టి ఉంటారు. కెర్నల్ ప్రతి బూట్‌కూ తన చోటు మార్చుకోవడాన్ని అది ఆపేస్తుంది. స్లాబు పోసేటప్పుడు సెంట్రింగు కట్టినవాళ్లను ఎవరూ తప్పుపట్టరు. కర్రలు విప్పకుండా గృహప్రవేశం చేసి, వాటి మధ్యే మంచాలు వేసుకుంటే అడగక తప్పదు.

మీరు చేసింది ఇంట్లో, మీ వరకే. పరికరాలు అమ్మేవారు చేస్తున్నదీ ఇదే. చౌక టాబ్లెట్లలో, చిన్న బోర్డుల్లో వాడే ఒక చిప్ కోసం ఇచ్చిన 3.4 కెర్నల్‌లో డీబగ్ ఫైల్ ఒకటి మిగిలిపోయిందని 2016లో బయటపడింది. 'రూట్‌మైడివైస్' అన్న ఒక్క మాట అందులో రాస్తే చాలు, ఏ యాప్‌కైనా రూట్ అధికారం, అంటే యంత్రంపై సర్వాధికారం, వచ్చేసేది. అది పొరపాటున తెరుచుకున్న కన్నం కాదు. డీబగ్ సౌకర్యం కోసం పెట్టుకుని, తీయకుండా వదిలేసిన తలుపు. 2018 ఫిబ్రవరిలో మళ్లీ అదే కథ. ఆండ్రాయిడ్ టీవీ పెట్టెల్లో, ఫోన్లలో డీబగ్ కోసం వాడే 5555 పోర్టు నెట్‌వర్క్‌కు తెరిచి ఉండటంతో, క్రిప్టో కరెన్సీ తవ్వే పురుగు ఒకటి పెట్టె నుంచి పెట్టెకు పాకింది. ఇలాంటి పెట్టెకు ఏళ్ల తరబడి అప్‌డేట్ రాదు. వచ్చినా హోమ్ తెరపై ప్రకటనల వరస మారుతుంది, కెర్నల్ మారదు. డీబగ్ కెర్నల్‌ను విడి ప్యాకేజీగా ఇచ్చి, మామూలు దాన్ని మామూలుగా ఉంచే పద్ధతి ఫెడోరాలో ఎప్పటి నుంచో ఉంది. డబ్బు తీసుకుని పెట్టెలు అమ్మేవారికి ఆ మాత్రం ఓపిక లేకపోయింది.

ఇప్పుడు మీ సంగతి. ప్రాక్ ఫోల్డర్‌లోని 'సీఎమ్‌డీలైన్' ఫైల్ తెరిచి ప్రస్తుత బూట్ లైన్ చూడండి. 'స్లబ్_డీబగ్', 'నోకేఏఎస్ఎల్ఆర్' రెండూ గ్రబ్ (కెర్నల్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) అమరికలో తీసేసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేసి రీబూట్ చేయండి. ప్రోగ్రాములు నేరుగా కెర్నల్ మెమరీని తాకకుండా అడ్డుకునే స్ట్రిక్ట్_డెవ్‌మెమ్ ఆన్‌లో ఉందో లేదో బూట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్‌లో చూసుకోండి. మెమరీ భద్రత కోసం ఏదైనా పెట్టాలన్న ఉత్సాహం ఉంటే 'ఇనిట్_ఆన్_అలాక్=1' పెట్టండి. కేటాయించే ప్రతి మెమరీనీ సున్నాలతో తుడిచి ఇస్తుంది, చాలా పనుల్లో ఆ భారం 1 శాతం లోపే. ఆ నోటీసు చేరవలసిన అడ్మినిస్ట్రేటర్ మీరే కనుక, అందిందనే అనుకుంటున్నాను.