ట్యూనర్‌లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కార్డ్ పట్టుకుంటేనే అపశ్రుతి: ముందు నట్ చూడండి

మీరు సొంతంగా బిగించుకున్న కిట్ గిటార్‌లో విడి తీగలు ట్యూనర్‌లో సరిగ్గానే చూపిస్తున్నాయని, మొదటి ఫ్రెట్లలో (నెక్ మీది అడ్డ లోహపు పట్టీలు) కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) పట్టుకోగానే శ్రుతి తప్పుతోందని, శాడిళ్లు (బాడీ వైపు తీగలు ఆనే ముక్కలు) ఎంత జరిపినా మారట్లేదని, పై ఫ్రెట్లలో బజ్ (తీగ ఫ్రెట్‌కు తగిలి వచ్చే జరజర చప్పుడు) కూడా ఉందని అడిగారు. శాడిళ్ల జోలికి ఇప్పుడే పోకండి. ఇది నట్ పని, అంటే హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే తల భాగం) మొదట్లో తీగలు కూర్చునే ఆ గాళ్ల పట్టీ పని అని నా అనుమానం.

కిట్లలో నట్ గాళ్లు సాధారణంగా కావాలనే ఎత్తుగా వదిలేస్తారు. ఎత్తుగా ఉన్నదాన్ని అరగదీయొచ్చు, లోతైపోయిందాన్ని పైకి లేపడం కష్టం కదా. గాడి ఎత్తుగా ఉంటే మొదటి ఫ్రెట్‌లో నొక్కినప్పుడు తీగ ఎక్కువ సాగి స్వరం పైకి పోతుంది. నా కిట్‌లో లావు ఇ తీగను అక్కడ నొక్కితే ట్యూనర్ ముల్లు 12 సెంట్లు (సెంటు అంటే పక్కపక్క ఫ్రెట్ల స్వరాల తేడాలో నూరో వంతు) ఎక్కువ చూపించేది. దీన్ని శాడిల్‌తో సరిచేయలేం. 648 మిల్లీమీటర్ల స్కేల్ (నట్ నుంచి శాడిల్ దాకా తీగ పొడవు) మీద శాడిల్‌ను ఒక మిల్లీమీటరు జరిపితే 12వ ఫ్రెట్‌లో రెండున్నర సెంట్లకు పైగా తేడా వస్తుంది, మొదటి ఫ్రెట్‌లో పావు సెంటు కూడా రాదు.

అనుమానం తీర్చుకోవడం తేలికే. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్) పెట్టి, మళ్లీ ట్యూన్ చేసి, అవే కార్డ్‌లు వాయించండి. ఇప్పుడు బాగా పలికితే దొంగ దొరికినట్టే.

కాకపోతే గాడి అరగదీసే ఫైల్ పట్టుకునే ముందు నెక్ వంపు చూసుకోవాలి, లేకపోతే మీ కొలతలన్నీ తప్పుతాయి. తీగలన్నీ శ్రుతిలో ఉండగానే లావు తీగను మొదటి ఫ్రెట్‌లోనూ, నెక్ బాడీతో కలిసే ఫ్రెట్‌లోనూ ఒకేసారి నొక్కి, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర సందు చూడండి. పావు మిల్లీమీటరు ఉంటే చాలు. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) బిగించండి, అసలు లేకపోతే వదులు చేయండి. ఒకసారికి పావు చుట్టు మించొద్దు. గట్టిగా మొరాయిస్తే ఆపేయండి.

ఇక నట్. తీగను మూడో ఫ్రెట్‌లో నొక్కి, మొదటి ఫ్రెట్ మీద వేలితో తట్టండి. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సన్నని కాగితం పట్టేంత సందు, తడితే చిన్నగా 'టిక్' అనే చప్పుడు ఉండాలి. కంటికి దూరం నుంచే సందు కనిపిస్తోందంటే గాడి దించాలి. తీగ మందానికి సరిపోయే నట్ ఫైల్ వాడండి. ఇంట్లో ఉన్న ఆకురాయితో కానిచ్చేద్దాం అనుకోకండి, గాడి వెడల్పైతే తీగ లోపల జరజరలాడుతుంది. ఫైల్‌ను హెడ్‌స్టాక్ వైపు కాస్త వాలుగా పట్టుకుని, తీగ ఫ్రెట్‌బోర్డ్ వైపు అంచు మీదే ఆనేలా దించండి. రెండు మూడు రుద్దులకోసారి తీగను మళ్లీ శ్రుతికి తెచ్చి తట్టి చూడండి. విసుగు పుట్టే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు. ఒకవేళ చెయ్యి జారి లోతైతే సూపర్ గ్లూ, వంటసోడాతో గాడి పూడ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

నట్ కుదిరాకే శాడిల్ ఎత్తు చూడండి. 12వ ఫ్రెట్ దగ్గర లావు ఇ కింద 2 మిల్లీమీటర్లు, సన్న ఇ కింద ఒకటిన్నర పెట్టి మొదలుపెడితే బాగుంటుంది. ఆ తర్వాత ఇంటొనేషన్, అంటే పై ఫ్రెట్లలోనూ స్వరం సరిగ్గా పలికేలా చూడటం. 12వ ఫ్రెట్‌లో నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం) కంటే పైకి ఉంటే శాడిల్‌ను వెనక్కి, కిందికి ఉంటే ముందుకు జరపండి. పాత తీగలతో ఈ పని చేయకండి, కొత్తవి వేసి బాగా లాగి సాగదీశాకే చేయండి.

పై ఫ్రెట్లలో బజ్ అన్నారు కదా, అది ఒకే ఫ్రెట్ దగ్గరైతే దాని పక్క ఫ్రెట్ ఎత్తుగా ఉండొచ్చు. చిన్న స్టీల్ స్కేల్ అంచును మూడు ఫ్రెట్ల మీద ఆనించండి, ఊగితే మధ్యదే ఎత్తు. అన్నిచోట్లా కాస్త కాస్త బజ్ అయితే శాడిళ్లు కొంచెం ఎత్తండి. ఆంప్‌లో (ఆంప్లిఫయర్‌లో) వినపడనంత బజ్ అయితే నేను పట్టించుకోను.