నొప్పి గోలీయే నొప్పి తెస్తున్నప్పుడు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్) ఇదివరకు నెలకు నాలుగైదుసార్లు వచ్చేది. ఆర్నెల్లుగా రోజు విడిచి రోజు వస్తోంది. వాంతులవుతాయి, వెలుతురు చూడలేను. పని ఆగకూడదని వచ్చినప్పుడల్లా నొప్పి గోలీ వేసుకుంటున్నాను. నొప్పి రాకుండా రోజూ వేసుకోమని డాక్టరు టోపిరమేట్ అనే మందు రాసి రెండు వారాలైంది. నొప్పి తగ్గలేదు, పైగా వేళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి, అంకెల్లో తడబడుతున్నాను. మానేయనా? శనివారం ఒక్కపొద్దుంటాను, దానివల్లేమైనా ఇబ్బందా?

జవాబు: మీ అంతట మీరు మానేయకండమ్మా. టోపిరమేట్ సాధారణంగా రాత్రి 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా 100 దాకా పెంచుతారు. సరైన మోతాదుకు చేరాక ఎనిమిది వారాలు చూస్తే గానీ పనిచేసిందో లేదో తేలదు. తిమ్మిర్లూ తడబాటూ ఆ మందువే, మీ శ్రద్ధలో లోపం లేదు. మోతాదు ఇంకా నిదానంగా పెంచమని అడగండి. అయినా లెక్కలు తప్పుతుంటే మందు మార్చమనండి. ప్రొప్రనలాల్ ఉంది, ఆయాసం జబ్బు ఉన్నవాళ్లకు పనికిరాదు. అమిట్రిప్టిలిన్ రాత్రి 10 మిల్లీగ్రాములు ఇస్తారు, పొద్దున కాస్త మత్తుగా ఉంటుంది, నోరెండుతుంది. టోపిరమేట్‌తో కొందరికి చెమట తగ్గుతుంది, కిడ్నీలో రాళ్లు రావచ్చు. నల్లగొండ ఎండల్లో ఇది చిన్న విషయం కాదు, నీళ్లు బాగా తాగాలి. గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి పిల్లల ఆలోచన ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

అసలు చిక్కు నొప్పి గోలీల దగ్గరుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, రెండుమూడు మందులు కలిసిన గోలీలైతే 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మందే తలనొప్పి తెస్తుంది. మీరు ఆ గీత మీదే ఉన్నారు. వేసుకున్న రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి, వారానికి రెండు రోజులు మించనీయకండి. తగ్గించగానే మొదటి వారం పది రోజులు నొప్పి ముదురుతుంది. అక్కడే చాలామంది ఓడిపోయి మళ్లీ డబ్బా తీస్తారు. అందుకే మిల్లుకు వడ్లు ముమ్మరంగా వచ్చే రోజుల్లో కాకుండా, పని పలచగా ఉన్నప్పుడు డాక్టరు సలహాతో మొదలుపెట్టండి.

గోలీ వేసుకునే రోజున నొప్పి ముదిరేదాకా ఆగవద్దు. పార్శ్వపు నొప్పిలో కడుపు కదలిక మందగించి, మింగిన గోలీ అక్కడే ఉండిపోతుంది. వాంతి మందు కూడా రాయించుకోండి.

ఒక్కపొద్దు సంగతి: కొందరికి పూట తప్పితే నొప్పి మొదలవుతుంది. క్యాలెండర్‌లో శనివారాల గుర్తులే ఎక్కువ కనిపిస్తే, ఉత్త కడుపుతో ఉండకుండా పాలో పండో తీసుకోండి.