అంటార్కిటికా ఓడలో ఉత్తరేణి గింజలు

"అంటార్కిటికా ఓడ యాత్రకి మొదటిసారి, అదీ ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఏమేం కొనుక్కోవాలి? తోడు లేకపోతే ఇబ్బందా?" అని అడిగారు. కొనడం సంగతి తర్వాత. ముందు మీ దగ్గరున్న ప్యాంట్లకి చీలమండ దగ్గర వెల్క్రో పట్టీలుంటే వాటిని ఒకసారి చూసుకోండి. ఎందుకో కింద చెప్తాను.

బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, 2024 జనవరిలో వెళ్లొచ్చాను. మా ఆయన రాలేదు. పాపికొండల లాంచీలోనే కడుపులో తిప్పిన మనిషి, దారిలో పెద్ద అలలుండే డ్రేక్ జలసంధి ఏం దాటతారు! చుట్టాలు మాత్రం ఆయన్ని వదిలేసి నన్ను పట్టుకున్నారు. "ఒక్కదానివీ ఎందుకు వదినా, అంతగా అయితే కాశీ వెళ్లిరావచ్చుగా" అని మా ఆడపడుచు. "మనవాళ్ల మైత్రి స్టేషన్ చూపిస్తారటమ్మా?" అని మా బావగారు. మన దేశపు పరిశోధన కేంద్రాలు మైత్రి, భారతి రెండూ ఆ ఖండానికి తూర్పు భాగంలో ఉన్నాయి. అర్జెంటీనాలోని ఉషువాయా రేవు నుంచి బయల్దేరే ఓడలు దక్షిణ అమెరికాకి ఎదురుగా ఉన్న ద్వీపకల్పానికి వెళ్తాయి. మధ్యలో వేల కిలోమీటర్లు. వెళ్లేముందు మూడుసార్లు చెప్పాను. తిరిగొచ్చాక మళ్లీ అదే ప్రశ్న అడిగారు.

ఇక కొనుగోళ్లు. మా ట్రావెల్ ఏజెంటు నలభై వస్తువుల జాబితా చేతిలో పెట్టాడు. ఎవరెస్టు ఎక్కేవాళ్ల కోసం రాసింది తెచ్చి నాకు అంటగట్టాడని ఇప్పటికీ నా అనుమానం. అది నమ్మి ఇరవై రెండు వేలు పోసి జాకెట్ కొన్నాను. ఓడ ఎక్కగానే వాళ్లే ఒక మందపాటి పార్కా, అంటే టోపీ ఉన్న చలికోటు, ఇచ్చి, ఇంటికి కూడా తీసుకెళ్లొచ్చన్నారు. నా జాకెట్ వెళ్లేటప్పుడూ సూట్‌కేసులోనే, వచ్చేటప్పుడూ సూట్‌కేసులోనే. అందుకని ముందే మెయిల్ పెట్టి కనుక్కోండి: పార్కా ఇస్తారా, గమ్ బూట్లు ఓడలో ఇస్తారా, మీ పాదానికి సరిపోయే సైజు ఉందా. ఇస్తామంటే, ఇక మీకు కావలసింది రెండు జతల థర్మల్స్, ఒక ఫ్లీస్ (మెత్తటి చలి జాకెట్), నీళ్లు దిగని ప్యాంటు, రెండు జతల గ్లౌజులు, నల్ల కళ్లజోడు, సన్‌స్క్రీన్. జనవరి అంటే అక్కడ ఎండాకాలం. చలి సున్నా డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. డిసెంబర్ తెల్లవారుజామున లంబసింగిలో నిలబడ్డవాళ్లకి అది మరీ కొత్తేం కాదు. బాధపెట్టేది గాలి.

నన్నడిగితే డబ్బు బట్టల మీద కాదు, టైము మోకాళ్ల మీద పెట్టాలి. ఓడ నుంచి ఒడ్డుకి జోడియాక్ అనే రబ్బరు పడవలో తీసుకెళ్తారు. దాని అంచు మీద కూర్చుని, రెండు కాళ్లూ ఎత్తి సముద్రం వైపు తిప్పి, మోకాలి దిగువ దాకా ఉన్న నీళ్లలోకి దిగాలి. మా ఊళ్లో పుట్టింటి అరుగు మీద కూర్చుని రోజూ ఇరవైసార్లు ఇదే ప్రాక్టీస్ చేశాను. ఇంకోటి, పడవ ఎక్కించేవాళ్లు చెయ్యి చాస్తే అరచెయ్యి పట్టుకోకూడదు. మీ మణికట్టు పైన వాళ్లు, వాళ్ల మణికట్టు పైన మీరు పట్టుకోవాలి. గ్లౌజులు జారినా మనిషి జారదు. చేతిలో ఫోన్ ఉంటే అసలు పడవ ఎక్కనివ్వరు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫ్యాన్ కింద ఒకదాని మీద ఒకటి అన్ని బట్టలూ పది నిమిషాల్లో వేసుకోవడం కూడా అలవాటు చేసుకోండి. తణుకు ఉక్కపోతలో నేను ఆ పని చేస్తుంటే మా ఆయన వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు, అది వేరే విషయం.

అసలు తంటా ఈ ప్రాక్టీస్ వల్లే వచ్చింది. కొత్త ప్యాంటు ఒంటికి అలవాటు కావాలని నవంబర్, డిసెంబర్ నెలల్లో రోజూ పొద్దున్నే అది వేసుకుని కాలవ గట్టు మీద నడిచేదాన్ని. "ఎండలో రెయిన్‌కోటు ప్యాంటేంటండీ" అని పాలబ్బాయి కూడా నవ్వాడు.

ఓడ డ్రేక్‌లో ఉండగా, రెండో రోజు, అందరి బట్టలూ, బ్యాగులూ తనిఖీ చేస్తారు. హాల్లో వాక్యూమ్ క్లీనర్లు, బ్రష్షులు, పట్టకార్లు పెట్టుకుని సిబ్బంది కూర్చుంటారు. నేల ఒక పక్కకి ఒరుగుతోంది, మనం క్యూలో గోడ పట్టుకుని నిలబడాలి. నా వంతు వచ్చింది. పాతికేళ్ల పిల్ల నా ప్యాంటు వెల్క్రో విప్పి, పట్టకారుతో ఒక గింజ పైకి తీసి, దీపం కింద పెట్టి "ఇదేమిటి?" అని అడిగింది. చూడగానే గుర్తుపట్టాను. ఉత్తరేణి. కాలవ గట్టు మీద బట్టలకి అంటుకునేది. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు రాదు. కంగారులో "మా వినాయకుడి పూజకి దీని ఆకులు పెడతాం" అన్నాను. ఆ పిల్ల నన్ను చూసింది, గింజని చూసింది. "ఇంకా ఎన్ని ఉన్నాయి?" అంది.

పదకొండు. ఒక్క కాలికే.

వెనకాల ముప్పై మంది నిలబడి ఉన్నారు. దొంగతనం చేసి పట్టుబడ్డట్టు నా చెవులు వేడెక్కిపోయాయి. కానీ వాళ్ల చాదస్తం ఊరికే కాదు. ఆ ఖండం మొత్తానికి పూలు పూసే సొంత మొక్కలు రెండే రెండు రకాలు. అలాంటి చోట కింగ్ జార్జ్ దీవిలో, పోలండ్ వాళ్ల పరిశోధన కేంద్రం దగ్గర, మనుషుల వెంట వచ్చిన ఒక మామూలు గడ్డి 1980ల నుంచీ పాతుకుపోయింది. దాన్ని ఇప్పటికీ పీకుతూనే ఉన్నారట. ఆ పిల్లే చెప్పింది.

రెండో కాలు మొదలుపెట్టేసరికి నాతో క్యాబిన్ పంచుకున్న ఆవిడ వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన రిటైర్డ్ నర్సు, డెబ్భై దాటాయి. అప్పటికి ఇద్దరం గుడ్ మార్నింగ్, గుడ్ నైట్ తప్ప మాట్లాడుకోలేదు. సంచిలోంచి కనుబొమల ప్లకర్ తీసి, ఏమీ అనకుండా గింజలు ఏరడం మొదలుపెట్టింది. ముప్పావుగంట పట్టింది. ఆ తర్వాత ఆవిడ లేకుండా నేను భోజనానికి వెళ్లలేదు. తోడు గురించి అడిగారుగా, ఇదే నా జవాబు.

అందుకే సింగిల్ సప్లిమెంట్ కట్టకండి. క్యాబిన్ ఒక్కరికే కావాలంటే ఒకటిన్నర రెట్లు, కొన్నిచోట్ల రెండు రెట్లు గుంజుతారు. ఖాళీ మంచానికి అద్దె! చాలా కంపెనీలు ఆడవాళ్లకి ఆడవాళ్లనే జతచేసి మామూలు రేటుకే ఇస్తాయి. చిన్న ఓడ చూసుకోండి. ఒక చోట ఒకేసారి వందమందికి మించి ఒడ్డుకి దిగకూడదని అక్కడి టూర్ ఆపరేటర్ల సంఘం నియమం. ఐదొందల మందికి పైగా ప్రయాణికులున్న ఓడైతే ఎవర్నీ దింపనే దింపరు. ఇది చూసుకోకుండా పెద్ద ఓడ బుక్ చేసినవాళ్లు అద్దాల్లోంచి మంచు చూసి వస్తారు.

ఇన్సూరెన్స్ కాగితాలు చివరి పేజీ దాకా చదవండి. నేను మొదట తీసుకోబోయిన పాలసీ మీద పెద్ద అక్షరాలతో 'ప్రపంచమంతా' అని ఉంది, లోపల చీమ తలకాయంత అక్షరాల్లో 'అంటార్కిటికా తప్ప' అని ఉంది. మరి అది ఏ ప్రపంచంలో ఉందో! అక్కణ్ణుంచి రోగిని తరలించే ఖర్చు పాలసీలో ఉండి తీరాలి.

డ్రేక్ గురించి వీడియోల్లో చూపించే భయంలో సగం నిజం. దాదాపు 800 కిలోమీటర్ల వెడల్పు, భూమి చుట్టూ ఆ వరసలో గాలికి అడ్డంపడే నేల ఎక్కడా లేదు. వాంతుల మాత్ర మీ డాక్టర్ని అడిగి తీసుకెళ్లండి. ఓడ ఇంకా ఉషువాయా పక్కనున్న బీగిల్ ఛానెల్‌లో నిమ్మళంగా ఉండగానే వేసుకోవాలి. అలలు మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు. నాకు మాత్రం మాత్రకంటే అల్లం మురబ్బానే పనిచేసిందని గట్టి నమ్మకం. ఒడ్డుకి దిగేటప్పుడు అది జేబులో ఉండకూడదు, తినేదేదీ తీసుకెళ్లనివ్వరు.

ఏ నెలో మీరు రాయలేదు. నవంబర్ అయితే మంచు ఇంకా తొక్కకుండా తెల్లగా ఉంటుంది. ఫిబ్రవరి అయితే తిమింగలాలు బాగా కనిపిస్తాయి. జనవరి అయితే పెంగ్విన్ పిల్లలు, వాటితోపాటు రెట్ట వాసన. దానికి ఏ జాబితాలోనూ మందు లేదు. నా ఫ్లీస్ మూడుసార్లు ఉతికినా మా ఆయన ఇంట్లోకి రానివ్వలేదు. ఇప్పటికీ బాల్కనీలోనే ఉంది.