జైల్లో ఉన్న శరణార్థిని మనలాంటివాళ్ళం వెళ్ళి కలవొచ్చా? బరంపురం నుంచి ఒక జవాబు

పర్లాకిమిడి నుంచి అడిగిన చెల్లెమ్మకు,

మీ దగ్గరి జైల్లో బర్మా నుంచి పారిపోయి వచ్చిన ఒకావిడ ఉందని విన్నానన్నావు. నువ్వూ ముగ్గురు స్నేహితులూ కలిసి ఆవిడకి ఏదైనా చేయాలనుకుంటున్నామన్నావు. కలవనిస్తారా, కలిస్తే మా మీదకి కేసు వస్తుందా, బట్టలూ పళ్ళూ పట్టుకెళ్తే సరిపోతుందా అని అడిగావు.

కలవొచ్చు. పేరు రాయించుకుని, అనుమతి తీసుకుని, ముందు గేటు నుంచి వెళ్తే దాని మీద కేసు ఉండదు. బట్టలూ పళ్ళూ తర్వాత చూసుకోవచ్చు. ముందు మీరు కనుక్కోవాల్సింది ఆవిడ శిక్ష ఏ తారీఖుతో పూర్తవుతుందో. నేను చెప్పేదంతా చివరికి ఆ తారీఖు దగ్గరికే వస్తుంది.

నాది బరంపురం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కింద పారాలీగల్ వాలంటీర్‌గా పనిచేస్తున్నాను. జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది. అక్కడ కూర్చుని ఎవరికి వకీలు లేడు, ఎవరి బెయిలు ఆగింది, ఎవరికి ఇంటి నుంచి కబురు లేదు అని చూడటం నా పని. నాతో పాటు రిటైరైన ఒక ఒడియా మాస్టారు, కుట్టుపని చేసే ఒక అక్క, మల్కన్‌గిరి నుంచి వచ్చి ఇక్కడ నర్సుగా పనిచేసే ఒక బెంగాలీ అమ్మాయి ఉన్నారు. వాళ్ళకి నాలాగా కార్డు లేదు. ములాఖత్ రోజున, అంటే ఖైదీల్ని కలవనిచ్చే రోజున, అందరితో పాటు లైన్లో నిలబడే వెళ్తారు.

ఈ మనుషులు మన వైపు జైళ్ళలోకి ఎలా వస్తారో మొదట్లో నాకూ అర్థం కాలేదు. కారణం హౌరా–చెన్నై రైలు మార్గం. హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు రోహింగ్యా కుటుంబాలు, అంటే బర్మా నుంచి పారిపోయి వచ్చిన ముస్లిం కుటుంబాలు, ఏళ్ళ తరబడి ఉంటున్నాయి. బంగ్లాదేశ్ శిబిరాల నుంచి వచ్చి తమవాళ్ళ దగ్గరికి చేరాలనుకునేవాళ్ళకి ఖుర్దా, బరంపురం, పలాస మీదుగానే దారి. టికెట్ ఉంటుంది, గుర్తింపు కార్డు ఉండదు, అడిగినదానికి జవాబు చెప్పే భాషా ఉండదు. ఎక్కడ దింపితే అక్కడ కేసు, ఆ జిల్లాలోనే జైలు.

మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద గానీ 1967 ప్రొటోకాల్ మీద గానీ సంతకం చేయలేదు. శరణు కోరినవాళ్ళకంటూ వేరే చట్టం లేదు. ప్రాణభయంతో సరిహద్దు దాటినావిడనీ, మరో పని మీద దొంగదారిన వచ్చినవాడినీ ఒకే సెక్షన్ కింద నిలబెడతారు. మొన్నటిదాకా అది 1946 నాటి విదేశీయుల చట్టం. 2025 సెప్టెంబర్ 1 నుంచి దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. పాస్‌పోర్టూ వీసా లేకుండా అడుగుపెడితే ఐదేళ్ళ దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇప్పుడు మీ గజపతి జిల్లానే చూడు. చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు. మొక్కజొన్న పండించుకుంటారు. జిరంగ్‌లో వాళ్ళు కట్టుకున్న మఠాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. సెలవొస్తే మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని చూడటానికి వెళ్తారు. వాళ్ళూ ప్రాణాలు దక్కించుకోవడానికి కొండలు దాటి వచ్చినవాళ్ళే. వాళ్ళకి ప్రభుత్వం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇచ్చింది, ఉండటానికి చోటు చూపించింది. మల్కన్‌గిరిలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళ కోసం 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద ఏకంగా ఊళ్ళే వెలిశాయి. ఎం.వి. అని నంబర్లతో పిలిచే ఆ ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. శరణార్థికి చోటివ్వడం మన ప్రాంతానికి కొత్త కాదు. జైల్లో ఉన్న ఆవిడ చంద్రగిరి టిబెటన్ అవ్వ కంటే ఎక్కువ తప్పేమీ చేయలేదు. అవ్వ తరఫున ఢిల్లీలో ఒక నిర్ణయం జరిగింది, ఈవిడ తరఫున జరగలేదు. "నేరస్తురాలి కోసం నీకెందుకమ్మా తిరుగుడు" అని నన్ను అడిగిన ప్రతివాళ్ళకీ ఇదే చెప్పాను. నిన్నూ అడుగుతారు. సిద్ధంగా ఉండు.

ఇక శిక్ష తారీఖు సంగతి. మామూలు ఖైదీకి శిక్ష పూర్తయితే గేటు తెరుచుకుంటుంది. విదేశీయులకి అలా కాదు, వాళ్ళని సొంత దేశానికి పంపాలి. పంపాలంటే ఆ దేశం "అవును, మా మనిషే" అని ఒప్పుకోవాలి. బర్మా 1982 నాటి పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలని దాదాపు మొత్తంగా పౌరసత్వానికి బయటే ఉంచింది. ఇక ఎవరు ఒప్పుకుంటారు? పంపడానికి వీల్లేదు, వదలడానికీ వీల్లేదు. శిక్ష పూర్తయినవాళ్ళని జైలు నుంచి తీసి, పంపేదాకా వేరే చోట ఉంచాలని కేంద్ర హోంశాఖ 2012లోనే రాష్ట్రాలకి చెప్పింది. ఆ వేరే చోటు జైలు ఆవరణకి బయట ఉండాలని 2019లో నమూనా నియమావళి కూడా పంపింది. కాగితం మీద అంతా ఉంది. ఎవరో ఒకరు గుర్తు చేస్తే తప్ప ఆ కాగితం కదలదు.

మేము కలిసిన ఒకావిడకి శిక్ష పూర్తయి అప్పటికే నెలలు గడిచిపోయాయి. ఆ సంగతి ఆవిడకే తెలియదు. ఇంకా ఎంతకాలమని అడగడానికి భాష రాదు, అడిగితే కోపగించుకుంటారేమోనని భయం. వెంట చిన్న కూతురు. జైల్లో తల్లి దగ్గర బిడ్డని ఆరేళ్ళ వయసు దాకా ఉంచుకోనిస్తారు, 2006లో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి అది. ఆ తర్వాత బిడ్డని బయటి సంస్థకి పంపాలి. ఆ పిల్లకి ఆరేళ్ళు దగ్గర పడుతున్నాయి. పుట్టిన తేదీ చెప్పే కాగితం ఏదీ లేదు కాబట్టి ఆ రోజు ఎప్పుడొచ్చి పడుతుందో తల్లికి తెలియదు. మేము ఏం అడిగినా ముందు పిల్లని పక్కకి లాక్కునేది. ఆవిడ ఊరూ, దాటిన దారీ, ఇంట్లో జరిగినవీ ఇక్కడ రాయను. అవి ఆవిడవి. మేమూ ఎన్నడూ తవ్వి అడగలేదు. ఆవిడంతట ఆవిడ చెప్పినప్పుడు విన్నాం.

భాష దగ్గర జరిగేది నువ్వు బాగా గుర్తు పెట్టుకోవాలి. మా నర్సు అమ్మాయిది బెంగాలీ కాబట్టి ఇబ్బంది ఉండదనుకున్నాం. రోహింగ్యాల భాష చిట్టగాంగ్ వైపు మాటకి దగ్గర, మల్కన్‌గిరి బెంగాలీ వాళ్ళకి సగమే అర్థమవుతుంది. ఆ అర్థమైన సగంలోనే ప్రమాదం ఉంది. 2017లో ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బర్మా నుంచి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ వైపు పారిపోయారు. అక్కడి శిబిరంలో కొన్నేళ్ళుండి ఇటు వచ్చిన మనిషిని "ఎక్కడి నుంచి వచ్చావు" అంటే బంగ్లాదేశ్ అనే చెబుతుంది. అదే రికార్డులో దేశంగా పడిపోతుంది. జాతీయత ధ్రువీకరణ కోసం కాగితాలు సంబంధం లేని దేశానికి వెళ్ళి, వాళ్ళు కాదనేదాకా అక్కడే పడి ఉంటాయి. అందుకని "ఎక్కడ పుట్టావు, మీ అమ్మానాన్నలు ఎక్కడ పుట్టారు, మీ ఊరికి దగ్గరి పట్నం ఏది" అని విడివిడిగా అడగాలి, అదీ ఆ భాష మాట్లాడే మనిషి ద్వారా. కోర్టులో దుబాసీగా బంధువులు పనికిరారు, కేసుతో సంబంధం లేని మనిషి కావాలి. అలాంటి మనిషిని కోర్టు ద్వారా ఏర్పాటు చేయించమని వకీలు చేత ముందే అడిగించండి.

రాయబార కార్యాలయం దగ్గర ఇంకో జాగ్రత్త. విదేశీ ఖైదీ అనగానే "వాళ్ళ ఎంబసీకి రాద్దాం" అని మంచి మనసుతోనే అంటారు. తన సొంత ప్రభుత్వానికి భయపడి వచ్చిన మనిషి గురించి ఆ ప్రభుత్వానికే చెప్పడమవుతుంది అది. అక్కడ మిగిలిన తల్లిదండ్రులకి ఏం జరుగుతుందో మనకి తెలియదు. రాయబారులని కలిసే హక్కు ఖైదీది, అడగాలో వద్దో ఆవిడ ఇష్టం. ఆవిడ నోటితో సరే అనకుండా మీరు ఒక్క ఉత్తరం కూడా రాయొద్దు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకి ఢిల్లీలో ఆఫీసు ఉంది, బర్మావాళ్ళ దరఖాస్తులు వాళ్ళు చూస్తారు. అక్కడికి రాయించడం వేరు, అది ఆవిడకి మేలు చేసే పని. అయినా ముందు అడిగే రాయాలి. ఆ సంస్థ ఇచ్చే కార్డు మన చట్టం ముందు రక్షణ కవచం కాదని కూడా ఆవిడకి చెప్పాలి, లేనిపోని ఆశ పెట్టకూడదు.

వకీలుకి డబ్బెక్కడిదని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచితంగా వకీలుని ఇవ్వాలి. ఆదాయం అడగరు, పౌరసత్వం అడగరు. రాజ్యాంగం 21వ అధికరణం కూడా "పౌరులు" అనదు, "ఏ వ్యక్తి" అయినా అంటుంది. 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి అరుణాచల్‌ ప్రదేశ్‌కి వచ్చి స్థిరపడిన చక్మాల కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పి వాళ్ళకి అండగా నిలిచింది. అన్ని తీర్పులూ ఇలా ఉండవు. 2021 ఏప్రిల్‌లో జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల విషయంలో, పద్ధతి ప్రకారం పంపించొచ్చని అదే కోర్టు అంది. మరుసటి నెలలోనే మణిపూర్ హైకోర్టు ఏడుగురు బర్మావాళ్ళని శరణార్థుల సంస్థని కలవడానికి ఢిల్లీ వెళ్ళనిచ్చింది. జిల్లాలో లీగల్ ఎయిడ్ వకీళ్ళకి ఇలాంటి కేసులు అరుదు. ఆ తీర్పుల పేర్లు ఒక కాగితం మీద రాసి చేతికిస్తే చాలామంది సంతోషంగా చదువుతారు. మా మాస్టారు చేసిన పెద్ద సాయం ఇదే. తీర్పులన్నీ ప్రింట్ తీసి, ముఖ్యమైన చోట గీతలు పెట్టి ఇచ్చేవారు.

మేము కలిసినావిడ తరఫున దరఖాస్తులు పెట్టగా పెట్టగా, విషయం హైకోర్టు దాకా వెళ్ళి, కూతురితో సహా ఆవిడని జైలు నుంచి వేరే చోటికి మార్చారు. అది విడుదల కాదు. అక్కడా తాళం ఉంది. కానీ పిల్ల తల్లి దగ్గరే ఉంది, బడి పుస్తకాలు ఇచ్చారు. ఆ మాత్రానికే ఎంత తిరగాల్సి వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

మీ మీదకి కేసు వస్తుందా అన్నావు కదా. ఆ భయం ఊరికే వచ్చింది కాదని నాకు తెలుసు. 2025 జులైలో ఝార్సుగూడలో నాలుగు వందల మందికి పైగా బెంగాలీ మాట్లాడే కూలీలని బంగ్లాదేశీయులేమోనని పట్టుకుని ఉంచారు. కాగితాలు చూశాక చాలామందిని, వీళ్ళు మన పశ్చిమ బెంగాల్ వాళ్ళేనని వదిలిపెట్టారు. ఆ వార్త వచ్చాక మా నర్సు అమ్మాయి ములాఖత్‌కి రావడానికి జంకింది. బలవంతపెట్టలేదు. కొన్నాళ్ళు బయట నుంచే సాయం చేసి, తర్వాత తనే వచ్చింది. మీ గుంపులో ఎవరికైనా ఆ భయం ఉంటే గౌరవించండి. చట్టం వరకు చెప్పాలంటే, లోపల ఉన్న మనిషిని అనుమతితో కలవడం, వకీలుని చూపించడం, కోర్టుకి రాయడం తప్పు కాదు. దొంగ ఆధార్ పుట్టించడం, బయట ఉన్నవాళ్ళని దాచడం నేరం. ఎప్పుడైనా ఎవరినైనా ఇంట్లో ఉంచుకోవాల్సి వస్తే 24 గంటల్లో అధికారులకి తెలియజేయాలి. ఈ గీత దాటితే ముందు నష్టపోయేది ఆవిడే.

వెళ్ళే పద్ధతి చెబుతాను. నలుగురూ ఒక్కసారే వెళ్ళొద్దు, ఇద్దరు చాలు. ఒకరైనా ఆడపిల్ల ఉండాలి. ఈ-ములాఖత్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో పేరు నమోదు చేసుకోవచ్చు, అది కుదరకపోతే సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా అడగండి. వార్డర్లతో మర్యాదగా ఉండండి, వాళ్ళలో సాయం చేసేవాళ్ళు నేను చాలామందిని చూశాను. ఫోటో వద్దు, ఫేస్‌బుక్ వద్దు, మతం మాట వద్దు. పట్టుకెళ్ళే ముందు ఏవి లోపలికి రానిస్తారో గేటు దగ్గర అడగండి. ఆడవాళ్ళు అడగలేక ఊరుకునేవి ప్యాడ్లు, లోపలి బట్టలు, తలకి కప్పుకునే చున్నీ, కొబ్బరినూనె. మా కుట్టు అక్క పిల్లకి రెండు గౌన్లు కుట్టింది, కొలత చేతి జానతో చూపించి తెచ్చుకుంది. ఖైదీ పేరు మీద కాస్త డబ్బు జమ చేస్తే క్యాంటీన్లో తనకి కావాల్సింది తనే కొనుక్కుంటుంది. ఆ చిన్న స్వేచ్ఛ వాళ్ళకి చాలా పెద్దది.

వస్తామన్న రోజున తప్పకుండా వెళ్ళండి. పరీక్షలున్నాయి, రాలేమనుకుంటే ముందే చెప్పండి. చెప్పకుండా మానేస్తే ఆవిడ తన వల్ల మీకేదో ఆపద వచ్చిందని లోపల కుమిలిపోతుంది. మేము కలిసినావిడ కొన్నిసార్లు ఒక్క మాటా మాట్లాడేది కాదు. ఎదురుగా కూర్చునేవాళ్ళం, టైమైపోయాక లేచి వచ్చేవాళ్ళం. ఆ రోజులు వృథా అని నేననుకోను.

ఈ వారం చేయాల్సింది: మీ కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళు, లేదా 15100కి ఫోన్ చెయ్యి. ఆవిడకి వకీలు ఉన్నారా, శిక్ష పడిందా, పడితే ఎప్పటితో పూర్తి, రికార్డులో ఏ దేశమని రాశారు, ఈ నాలుగూ కనుక్కో. శిక్ష పూర్తి కావడానికి మూడు నెలలు ముందే సూపరింటెండెంట్‌కీ న్యాయ సేవాధికార సంస్థకీ దరఖాస్తు పడాలి. తారీఖు తెలిశాక ఇక్కడ రాయి, ఎలా రాయాలో ఒక నమూనా పెడతాను. ఆవిడ పేరూ, జైలు పేరూ మాత్రం ఇక్కడ రాయకు.