కాలేజీలో రోల్ ప్లేయింగ్ గేమ్ క్లబ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలకు కాలేజీలో క్లబ్ పెడదామని వాట్సాప్ గ్రూపులో అడిగితే 23 మంది వస్తామన్నారు. ఆట నడపడం తెలిసింది నాకొక్కడికే. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థి, ఎలక్ట్రానిక్ సిటీ, బెంగళూరు

జవాబు: కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: ఈ ఆటలో గేమ్ మాస్టర్ కథ నడుపుతాడు, మిగతావాళ్లు తలా ఒక పాత్రగా ఏం చేస్తారో చెబుతారు, అది ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఇక మీ సంగతి. పోస్టర్లు వేసి అందరినీ పిలిచే ఆలోచన ఉంటే ముందు అది ఆపండి. ఒక బల్లకు ఆడేవాళ్లు నలుగురు, మించితే ఐదుగురు. ఏడెనిమిది మంది కూర్చుంటే పోరాటం మొదలయ్యాక తన వంతు తిరిగొచ్చేసరికి పావుగంట దాటుతుంది, ఆలోపు చేతిలోకి ఫోన్ వచ్చేస్తుంది. వస్తామన్నవాళ్లలో సగం మందే వచ్చినా మీకు మూడు బల్లలు కావాలి, అంటే ముగ్గురు గేమ్ మాస్టర్లు. ఇలాంటి క్లబ్బులు చాలావరకు మూతపడేది ఆడేవాళ్లు లేక కాదు, నడిపేవాళ్లు అలసిపోయి.

అందుకని మొదట నడపాలని ఉన్న నలుగురినే పిలవండి. మొదటి వారం ఒక్క పూటలో ముగిసే కథ, అంటే వన్ షాట్, మీరు నడపండి. రెండో వారం అదే కథను వాళ్లలో ఒకరు కొత్తవాళ్లకు నడపాలి, మీరు పక్కన ఊరికే కూర్చోవాలి. కథ మార్చొద్దు. ఆటగాళ్లు ఎక్కడ ఇరుక్కుంటారో ఆ మనిషి స్వయంగా ఆడి చూశాడు కాబట్టి సగం భయం అక్కడే పోతుంది. మనిషిని ఎంచుకునేటప్పుడు గొంతులు మార్చి మాట్లాడేవాళ్లకంటే ఎదుటివాళ్లు చెప్పేది వినేవాళ్లను చూడండి. బాగా నటించేవాళ్లలో కొందరు ఆటగాళ్లను ప్రేక్షకులుగా కూర్చోబెట్టేస్తారు.

కొత్తవాళ్ల చేత మొదటి రోజే పాత్రలు తయారు చేయించకండి. మూడు గంటల్లో గంటన్నర దానికే పోతుంది. మొదటి లెవెల్, అంటే ఆరంభ స్థాయి, పాత్రల వివరాలు రాసే కాగితాలు (క్యారెక్టర్ షీట్లు) ముందే నింపి ఉంచండి. ఐదుగురికి ఆరు షీట్లు ఉంటే చివర వచ్చినవాడికీ ఎంచుకునే వీలుంటుంది. రూల్స్ కోసం దొంగ పీడీఎఫ్‌లు పంచుకోనక్కర్లేదు. ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం, ఎస్ఆర్‌డీ 5.1, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా విడుదలైంది. మూలం పేరు పేర్కొంటే జిరాక్స్ తీసి పంచినా తప్పు లేదు. అది వందల పేజీలు. పోరాటం, పాత్రల స్థితిగతులు, మీ ఆరు షీట్లలో ఉన్న మంత్రాలు, ఇంతవరకు ప్రింట్ తీస్తే చాలు.

చోటు విషయం. దర్శిని హోటల్లో నిలబడి తినడమే గానీ మూడు గంటలు కూర్చోనివ్వరు. పార్కులో గాలికి షీట్లు ఎగురుతాయి, సాయంత్రమైతే వాన. ఖాళీ క్లాస్‌రూమే మేలు. దానికి ఒక లెక్చరర్ సంతకం కావాలి. లేఖలో ‘గేమింగ్ క్లబ్’ అని రాస్తే వీడియో గేమ్స్ అనుకుంటారు. బల్ల చుట్టూ కూర్చుని కథ చెప్పుకునే ఆట అని రాసి, ఒక క్యారెక్టర్ షీట్ జతచేయండి. శనివారం ఉదయం 10 నుంచి 1 దాకా పెట్టుకోండి. వారం మధ్యలో సాయంత్రం పెడితే సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇద్దరు, పీజీ గేటు మూసే వేళకు ఇద్దరు తగ్గిపోతారు.

ప్రశ్న: 20 ముఖాల పాచికలు మా దగ్గర లేవు. మామూలు పాచికలు మూడు కలిపి వేస్తే సరిపోదా?
– పాఠకురాలు, బీటీఎం లేఅవుట్

జవాబు: సరిపోదు. మూడు పాచికల మొత్తం మధ్యలో పోగవుతుంది. 216 రకాలుగా పడే వీలుంటే అందులో 54 సార్లు, అంటే నాలుగింట ఒకసారి, 10 గానీ 11 గానీ వస్తుంది. 18 ఒక్కసారే. 20 ముఖాల పాచికలో ప్రతి అంకెకూ 5 శాతం అవకాశం. ఈ ఆటలో ఏ పనైనా ఫలిస్తుందా లేదా అన్న లెక్కంతా దానిమీదే కట్టారు.

10 ముఖాల పాచిక దొరికితే దానితోపాటు మామూలు పాచిక ఒకటి వేయండి. మామూలు దానిమీద 1, 2, 3 పడితే 10 ముఖాలదాని అంకె ఉన్నదున్నట్టు, 4, 5, 6 పడితే దానికి 10 కలపాలి. సున్నా పడితే 10గా లెక్క. అదీ లేకపోతే డబ్బాలో 1 నుంచి 20 దాకా చీటీలు. తీసిన చీటీని ప్రతిసారీ మడిచి తిరిగి వేసేయాలి. వేయకపోతే పెద్ద అంకెలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టేవాడు ఒకడు ప్రతి బల్ల దగ్గరా ఉంటాడు. గవ్వలు వద్దు. అష్టాచెమ్మాకు అవి ముద్దే గానీ, గవ్వ వెల్లకిలా, బోర్లా సమానంగా పడదు.

కొనేటప్పుడు సెట్ అంటే ఏడు: 4, 6, 8, 12, 20 ముఖాలవి ఒక్కోటి, 10 ముఖాలవి రెండు. ఒక బల్లకు రెండు సెట్లు, విడిగా 20 ముఖాలవి నాలుగు ఉంటే ఐదుగురు ఆటగాళ్లకు, గేమ్ మాస్టర్‌కు తలా ఒకటి వస్తుంది. 6 ముఖాలవి తక్కువైతే లూడో పెట్టెలోవి వాడండి.

ప్రశ్న: మా వాడు రెండో పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది). శనివారాలు పాచికలాట క్లబ్‌కు వెళ్తున్నాడు. జూదమేమోనని వాళ్ల నాన్నగారికి అనుమానం. పంపవచ్చా?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: జూదం కాదమ్మా. పందెం లేదు, గెలిచేవాడు ఓడేవాడు అని లేరు. గోడ ఎక్కగలిగాడా, కాపలావాడు నమ్మాడా అన్నది పాచిక తేలుస్తుంది, అంతే. ఆడేవాడికి పెన్సిల్, కాగితం చాలు. వేలకు వేలు అడిగితే మాత్రం దేనికో కనుక్కోండి. 1980లలో అమెరికాలో ఈ ఆట మీద చేతబడి నిందలు కూడా పడ్డాయి, ఏవీ నిలవలేదు.

మీరు అడగాల్సింది వేరే. మీవాడు ఆడుతున్నాడా, నడుపుతున్నాడా? ఆడేవాడికి వారానికి మూడు గంటలు. నడిపేవాడు ఇంట్లో కథ సిద్ధం చేసుకోవడానికి ఇంకో రెండు మూడు గంటలు పెడతాడు, మొదట్లో అంతకంటే ఎక్కువే. పరీక్షల ఏడాదిలో ఆడనివ్వండి, నడిపే బాధ్యత ఇంకొకరికి ఇమ్మనండి. జనవరి నుంచి పూర్తిగా ఆపేయడం మంచిది.

ప్రశ్న: మూడో వారానికల్లా మా బల్ల చప్పబడింది. తాళం తెరవలేక గంటసేపు గది బయటే నిలబడ్డారు. తర్వాత పెద్ద రాక్షసుణ్ణి పెడితే రెండు రౌండ్లలో చంపేశారు. ఇద్దరు రావడం మానేశారు. నా తప్పేమిటి?
– కొత్త గేమ్ మాస్టర్, హెచ్ఎస్ఆర్ లేఅవుట్

జవాబు: పని ఫలించాలంటే 20 ముఖాల పాచిక గేమ్ మాస్టర్ పెట్టిన అంకెను అందుకోవాలి. తాళానికి మీరు ఎంత అంకె పెట్టారో రాయలేదు. 20 పెట్టి ఉంటారని మా అనుమానం. సులువైన పనికి 10, మధ్యస్థానికి 15, కష్టానికి 20 అన్నది నియమం. మొదటి లెవెల్ దొంగ పాత్రకు తాళాలు తెరవడంలో నేర్పు ఉంటే పాచిక అంకెకు 5 కలుస్తుంది. అయినా 20 అందుకోవాలంటే పాచిక 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. అంటే 30 శాతమే. అంతకంటే పెద్ద తప్పు, కథ ముందుకు వెళ్లే ఒక్క దారిని పాచిక చేతిలో పెట్టడం. తప్పనిసరి తలుపు ఎలాగైనా తెరుచుకోవాలి. పాచిక తేల్చాల్సింది దానికి చెల్లించే ధర: చప్పుడైందా, కాపలావాడు లేచాడా, పనిముట్టు విరిగిందా. ముఖ్యమైన ఆచూకీ ఏదైనా మూడు చోట్ల దొరికేలా పెట్టండి. రెండిటిని వాళ్లు చూడనే చూడరు.

రాక్షసుడిది వంతుల లెక్క. ఒక రౌండ్ అంటే అందరికీ తలా ఒక వంతు, కాబట్టి అతను ఒక దెబ్బ కొట్టేలోపు ఐదుగురు ఐదు కొడతారు. బలం పెంచితే ఇంకో చిక్కు: మొదటి లెవెల్ మాంత్రికుడి ప్రాణం మామూలుగా 6 నుంచి 8 పాయింట్లు, ఒక్క గట్టి దెబ్బకే పడిపోతాడు. పెద్దవాణ్ణి కాస్త తగ్గించి, పక్కన ముగ్గురు నలుగురు చిన్నవాళ్లను పెట్టండి. వాళ్లను ఒకేసారి కాకుండా రెండో రౌండ్‌లో ఇద్దరిని రప్పిస్తే, ఆట తేలికైపోతోందో చెయ్యి దాటుతోందో చూసి మీరే ఆపుకోవచ్చు.

మానేసిన ఇద్దరినీ విడిగా అడగండి. గంటసేపు గది బయట నిలబడినందుకైతే పై మార్పులు చాలు. ఎవరో వాళ్ల పాత్రను దోచుకున్నందుకో, ఇబ్బంది పెట్టే సన్నివేశం వచ్చినందుకో అయితే, వచ్చే ఆటకు ముందు అరగంట కూర్చుని ఏవి వద్దో మాట్లాడుకోండి. బల్ల మధ్యలో ఇంటూ గుర్తు వేసిన కార్డు పెట్టి, ఎవరు దాన్ని తాకినా కారణం అడగకుండా ఆ సన్నివేశం దాటేయండి. ఆటగాళ్లు ఒకరినొకరు దోచుకోవడం, కొట్టుకోవడం మొదటి ఏడాదంతా నిషేధించండి. ‘నా పాత్ర స్వభావమే అంత’ అనేవాడికి వేరే పాత్ర షీట్ ఇవ్వండి.

ముగ్గురు ఆటగాళ్లు వస్తే ఆట నడవాలి. రానివాడి పాత్ర ఊళ్లో జ్వరంతో పడుకుందనుకోండి. ఇంటర్నల్స్ వారాలు క్యాలెండర్‌లో ముందే కొట్టేసి, నెలల తరబడి సాగే క్యాంపెయిన్ జోలికి ఈ సెమిస్టర్ పోకండి. వన్ షాట్లు నాలుగైదు నడిపాక ఎవరు నికరంగా వస్తున్నారో మీకే తెలుస్తుంది.