గాజుల సంగతి తర్వాత, ముందు మీ తమ్ముడి సంగతి చూడండి

బెంగళూరు మారతహళ్లి నుంచి రాసిన అమ్మాయికి,

మీ మామగారు ఒంగోల్లో స్టూడియో నడిపినప్పటి యాషికా మాట్ 124జీ ఫిల్ము కెమెరా, ఆయన పోయాక మీ ఆయన హాల్లో అద్దాల బీరువాలో దాచుకున్నది, మీ తమ్ముడు ఎవరికీ చెప్పకుండా రీల్స్ కోసం కబ్బన్ పార్కుకి పట్టుకెళ్లి కింద పడేశాడు, పై లెన్సు పగిలింది, ఫిల్ము తిప్పే హ్యాండిల్ బిగుసుకుపోయింది. మీరేమో తుడుస్తుంటే నా చేతిలోంచి జారిందని మీ ఆయనకి చెప్పేశారు. ఆయన పోనీలే అన్నారు గానీ అప్పట్నుంచి ముభావంగా ఉంటున్నారు. గాజులు తాకట్టు పెట్టి సెకండ్ హ్యాండ్‌లో అలాంటిదే కొని పెట్టేయనా అని అడిగారు.

వద్దు. ఆ మోడల్ 1970 నుంచి 86 దాకా తయారైంది, వెతికితే దొరుకుతుంది, కానీ అది ఎవరిదో కెమెరా. స్కూలు అయ్యాక స్టూడియోలోనే పెరిగిన మనిషి అని మీరే రాశారు, నాన్న చెయ్యి పట్టి పట్టి తోలు ఎక్కడ అరిగిందో ఆయనకి తెలీదా? మామూలు 120 రోలుకి 12 ఫోటోలే వచ్చే కెమెరా అది, ఒక్కో పెళ్లికి ఎన్ని రోల్స్ మార్చి ఉంటారో పెద్దాయన.

అసలు విషయానికొస్తా. "వాడు చిన్నోడండీ, భయపడతాడు" అని రాశారు. 24 ఏళ్లు, వైట్‌ఫీల్డ్‌లో జాబు, అక్క మాట పడుతుంటే పక్క గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేంత గుండె ఉంది, భయం ఎక్కడుందమ్మా? మన ఇళ్లల్లో ఇదొక జబ్బు, తమ్ముడు గ్లాసు పగలగొడితే నువ్వు చూసుకోవద్దా అని అక్క వీపు మోగుతుంది, ఆ అక్కకి పెళ్లయ్యాక కూడా వీపు పట్టడం అలవాటైపోతుంది. మీరు దాన్ని ప్రేమ అనుకుంటున్నారు, నేననుకోను. మీ ఆయన్ని చూడండి పాపం, మీరు చేయని తప్పుకి మీమీద కోపం తెచ్చుకుని అది బయటికి అనలేక దిగమింగుతున్నారు. ఆయన ఇంట్లో తింటూ ఆయన తండ్రి వస్తువు పగలగొట్టి నోరు మెదపని వాణ్ణి వెనకేసుకొచ్చి మీరు మీ ఆయనకి అన్యాయం చేశారు, ఇది నేను మెత్తగా చెప్పలేను.

ఆదివారం లోపు వాడే వెళ్లి "బావగారూ, నేనే పడేశాను" అని చెప్పాలి. మీరు పక్కన ఉండొద్దు, కాఫీ వంకతో కూడా వెళ్లొద్దు. చెప్పకపోతే సోమవారం మీరే చెప్పండి, మీరాడిన అబద్ధంతో సహా. మీ అమ్మగారికి మాత్రం ముందే ఫోన్ చేయకండి, చేశారంటే ఆదివారం పొద్దున్నకి వాడికి జ్వరం వచ్చేస్తుంది.

కెమెరా గురించి కంగారొద్దు. అందులో పై లెన్సు చూడ్డానికే, ఫోటో పడేది కింది లెన్సులోంచి. ఆ హ్యాండిల్ బలవంతంగా తిప్పకండి, ఫెవిక్విక్ లాంటివి అసలు పెట్టొద్దు, దాని ఆవిరికి అద్దం మీద తెల్లటి పొర పడుతుంది. ఊడిన ముక్కలన్నీ ఒక కవర్లో వేసి ఉంచండి. పాడైన ఇంకో కెమెరాలోంచి పార్టు తీసి వేయగల పాతకాలం మెకానిక్ దొరికితే బాగుపడే అవకాశం ఉంది. ఎవరికివ్వాలో మీ ఆయన్నే తేల్చనివ్వండి, వెంట తమ్ముడు వెళ్లాలి, బిల్లు వాడి జీతంలోంచి కట్టాలి, మీ డబ్బు ఒక్క రూపాయి కలవకూడదు.

అదయ్యాక పీజీ చూసుకోమనండి. మీ మారతహళ్లిలో తెలుగువాళ్ల పీజీలకేం కరువు లేదు, పప్పూ పచ్చడీ దొరక్క చిక్కిపోడులెండి.